గ్లూకోజ్ సీసా తీసేయండి, థర్మామీటర్ పెట్టండి

పక్షవాతం (స్ట్రోక్) పేషెంటును చేర్చిన రోజే చాలా చోట్ల బంధువుల చేతికి ఒక చీటీ వస్తుంది. సిటికోలిన్, సెరిబ్రోలైసిన్, ఎడరవోన్. "మెదడుకు బలం, వాపు తీసేస్తుంది" అంటే చాలు, మెడలో గొలుసు తాకట్టు పెట్టయినా తెస్తారు. అదే మంచం దగ్గర నాలుగు గంటలకోసారి టెంపరేచర్ రాసిన కాగితం మాత్రం కనపడదు. కోపం వచ్చేది ఇక్కడే.

లోపల ఏం జరుగుతుందో ముందు చెప్తా. మెదడుకు వెళ్లే రక్తనాళం పూడుకుపోతే, అది రక్తం అందించే చోట మధ్య భాగం నిమిషాల్లోనే చచ్చిపోతుంది. పెద్ద నాళమైతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు. చుట్టూ ఉన్న భాగం పని మానేస్తుంది గానీ ఇంకా ప్రాణంతోనే ఉంటుంది. చచ్చిన కణాల్లోంచి కారిన పదార్థాలు తగిలి మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు రేగుతాయి. కొన్ని గంటల్లో రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి చేరతాయి. అవి వదిలే ఎంఎంపీ-9 లాంటి ఎంజైములు రక్తానికీ మెదడుకీ మధ్యనున్న గోడను తినేస్తాయి. ఆ కంతల్లోంచి నీరు ఊరి మెదడు ఉబ్బుతుంది. ఈ ఉబ్బు బాగా ముదిరేది 2 నుంచి 5 రోజుల మధ్య.

మరి ఆ కణాలను ఆపేస్తే సరిపోదా అంటారు. ఆపి చూశారు. తెల్లకణాలు నాళం గోడకు అతుక్కోకుండా ఎన్లిమోమాబ్ అనే మందును 625 మందితో చేసిన ట్రయల్‌లో పరీక్షించారు. 2001లో ఫలితం వచ్చింది: మందు పడినవాళ్లలోనే చావులు ఎక్కువ, జ్వరాలూ ఎక్కువ. పైగా మైక్రోగ్లియాయే తర్వాత్తర్వాత చచ్చిన కణజాలాన్ని ఊడ్చి మరమ్మతుకు దారిస్తాయి. ఇక సిటికోలిన్, 2298 మందిలో, రోజుకు 2 గ్రాములు, 6 వారాలు. 2012లో తేలింది, ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా లేదని. ఎడరవోన్‌ను జపాన్ 2001 నుంచి వాడుతోంది, దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. కానీ 101 జ్వరంతో ఉన్న మనిషికి అది ఎక్కించి ఏం లాభం?

అదే ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లు ఎంచుకుని, వాటిలో 10 యూనిట్లలో నర్సులతో మొదటి 72 గంటలు మూడే పనులు పద్ధతిగా చేయించారు: జ్వరం, షుగర్, గుటక (సరిగ్గా మింగగలరా లేదా) చూసుకోవడం. కొత్త మందేమీ లేదు. 90 రోజులకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి మిగతా యూనిట్లలో 58 శాతం ఉంటే వీటిలో 42 శాతమే. 2011లో అచ్చయిన ఫలితం ఇది.

జ్వరం 99.5 దాటితే పారాసెటమాల్ పడాలి. వేడి పెరిగితే కొనప్రాణంతో ఉన్న ఆ భాగానికి ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది, వాపూ ముదురుతుంది. రోహిణి కార్తెలో ఒళ్లు వెచ్చగానే ఉంటుందిలే అని చెయ్యి పెట్టి చూసి వదిలేయొద్దు.

షుగర్ 140, 180 మధ్య ఉంటే మేలు. ఇక్కడే మన పల్లెల్లో పెద్ద ఘోరం జరుగుతోంది. "నీరసంగా ఉన్నాడు, ఒక గ్లూకోజ్ పెట్టయ్యా" అని ఇంట్లోవాళ్లు అడగడం, ఆర్‌ఎంపీ తగిలించడం. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోని చక్కెర ఒంట్లో కాలిపోయాక మిగిలేది ఒట్టి నీళ్లే, ఆ నీళ్లు ఉబ్బిన మెదడులోకి దిగుతాయి. షుగర్ మరీ తగ్గినవాళ్లకు తప్ప అది పెట్టకూడదు. సీసా మీద సోడియం క్లోరైడ్ 0.9 శాతం అని ఉందో లేదో చదవండి. గ్లూకోజ్‌తోపాటు పొడిచే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈ వాపును తగ్గించదు, షుగర్‌ను మాత్రం ఎగదోస్తుంది. నాలుక కింద బీపీ మాత్ర ఇంకా ప్రమాదం: బీపీ ఒక్కసారిగా పడితే బతికున్న భాగానికి అందే ఆ కాస్త రక్తమూ ఆగిపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద రక్షణ నాళం తెరవడం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా గడువు 4.5 గంటలు. ఉదయగిరి నుంచి నెల్లూరుకు, మార్కాపురం నుంచి ఒంగోలుకు దారిలోనే రెండు గంటలు పోతాయి. పావురం రక్తం పూతకూ పసరుకూ టైమ్ ఎక్కడుంది? మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దయినా 108కి ఫోన్ చేయండి. చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో రాసిపెట్టుకోండి.

గుటక సంగతి. పరీక్ష చేసేదాకా కాఫీ, కొబ్బరినీళ్లు, మాత్ర, ఏదీ నోట్లో పోయొద్దు. సిస్టర్ కూర్చోబెట్టి చెంచాతో నీళ్లు పట్టి చూస్తారు. దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా ముక్కు పైపు వేయాల్సిందే. "పైపు వేస్తే ఇక లేవడు" అని సంతకం పెట్టని కుటుంబాలు ఎన్నో. చాలామందికి అది కొన్నాళ్లకే తీసేస్తారు. వేయకపోతే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్ట్రోక్ తర్వాత ఒంట్లో రోగనిరోధక శక్తి పడిపోతుంది కాబట్టి నిమోనియా ఇట్టే పట్టుకుంటుంది, దాంతో మళ్లీ జ్వరం. ముందుజాగ్రత్తగా అందరికీ యాంటీబయాటిక్ పొడిస్తే ఫలితం మారదని 2015లోనే రెండు పెద్ద ట్రయల్స్ తేల్చాయి. పైపులోంచి వడగట్టిన రాగిజావ పోసేటప్పుడూ, పోశాక ఒక గంటా తలవైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచండి. రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయండి.

ఇంకొకటి. రెండో రోజు మత్తు పెరిగితే "పాపం, నిద్రపోతున్నాడులే" అనుకోవద్దు. సిస్టర్‌ను పిలవండి, మళ్లీ సీటీ తీయమని అడగండి. 60 ఏళ్ల లోపువాళ్లలో పెద్ద స్ట్రోక్‌తో మెదడు ఉబ్బిపోతుంటే, 48 గంటల లోపు పుర్రె ఎముక ఒకపక్క తీసి చోటిస్తే చావులు 71 శాతం నుంచి 22 శాతానికి తగ్గాయి. బతికినవాళ్లలో కొందరికి వైకల్యం మిగులుతుంది, అది కూడా డాక్టర్ని ముందే అడిగి తెలుసుకోండి. న్యూరోసర్జన్ లేని ఆసుపత్రిలో ఉంటే మూడో రోజు దాకా చూడకుండా మొదటి రోజే మార్చండి.