హార్డ్‌విక్ హాల్: గాజు వెనకున్న గోడలు

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో గుట్ట మీద ఉన్న హార్డ్‌విక్ హాల్ పేరెత్తితే చాలు, గోడ కన్నా గాజే ఎక్కువున్న ఇల్లు అనేస్తారు. ఇంగ్లిష్‌లో ఆ మాట ప్రాసతో కుదిరింది, అందుకే నిలిచిపోయింది. నిజమే, సాయంత్రం ఎండ పడితే పడమటి ముఖమంతా మెరిసిపోతుంది. కానీ ఆ ఒక్క మాట ఈ ఇంటికి అన్యాయం చేసిందని నా అభిప్రాయం. అసలు పనితనం ఆ గాజును నిలబెట్టిన గోడల్లో, వాటి మధ్యగా మనిషిని పైకి నడిపించే మెట్లలో ఉంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు మనవాళ్లు. ఈ ఇల్లు కట్టించిన బెస్ ఆఫ్ హార్డ్‌విక్ నాలుగు పెళ్లిళ్లు చేసుకుంది. చాట్స్‌వర్త్ అనే పెద్ద భవనం మొదలుకొని కట్టడాలూ వరసగా కట్టించింది. పుట్టింది ఈ గుట్ట మీదే, ఓ చిన్న భూస్వామి ఇంట్లో. నాలుగో భర్త ష్రూస్‌బరీ ఎర్ల్‌తో చాలా ఏళ్ల క్రితమే చెడింది. 1590 నవంబరులో ఆయన పోయేనాటికే ఈ ఇంటి పని మొదలైంది. పక్కనే ఆమె కట్టిస్తున్న మరో పెద్ద ఇల్లు, ఇప్పుడు ఓల్డ్ హాల్ అంటున్నది, ఇంకా పూర్తే కాలేదు. 1597 అక్టోబరులో కొత్త ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆమెకు దాదాపు 70 ఏళ్లు.

బయట నిలబడి కిటికీల ఎత్తు చూడండి. నేల అంతస్తువి పొట్టివి, పై అంతస్తువి ఇంకాస్త పొడవు, అన్నిటికన్నా పైన ఉన్నవి అన్నిటికన్నా పొడవు. కింద వంటిల్లు, పనివాళ్లు. మధ్యలో బెస్ సొంత గదులు. పైన రాణిగారి స్థాయి అతిథుల కోసం దర్బారు గదులు. బెస్ మనవరాలు అరబెల్లా స్టువర్ట్‌కు ఇంగ్లండ్ సింహాసనం మీద హక్కు ఉంది, బెస్ దగ్గరే పెరిగింది. పై అంతస్తు అంత ఘనంగా ఎందుకు కట్టించిందో అర్థం కావాలంటే ఈ సంగతి మరిచిపోకూడదు. అప్పటి రాణి మొదటి ఎలిజబెత్ మాత్రం ఇక్కడికి ఎప్పుడూ రాలేదు.

ఇక మెట్లు. వెడల్పైన రాతి మెట్లు, ఎత్తు తక్కువ. తిన్నగా పైకి పోవు. ఇల్లంతా చుట్టుకుంటూ, కాస్త చీకట్లోకి, మళ్లీ వెలుగులోకి తిప్పుతూ తీసుకెళ్లి చివరికి హై గ్రేట్ చాంబర్ గుమ్మం ముందు నిలబెడతాయి. కింద వంటింట్లో వండిన పళ్లేలను పనివాళ్లు ఊరేగింపులా ఈ మెట్ల మీదుగానే పైకి మోసేవాళ్లు. అన్ని మలుపులు తిరిగి చేరేసరికి కూర ఎంత వేడిగా ఉండేదో ఊహించుకోవచ్చు. సౌకర్యం కన్నా మర్యాదకే పెద్ద పీట వేసిన ఇల్లు ఇది. ఆ గది గోడల పైభాగమంతా రంగులేసిన సున్నపు బొమ్మలు: చెట్లు, జింకలు, ఏనుగు, మధ్యలో వేట దేవత డయానా. పెళ్లి చేసుకోని రాణిని కన్య అయిన డయానాతో పోల్చేవాళ్లు, కాబట్టి రాణికి పొగడ్తే అది.

ఇంత గాజు పెడితే ఇల్లు నిలబడేదెలా? బరువును బయటి గోడలే మోయాలంటే అన్ని కిటికీలు కుదరవు. అందుకే ఇంటి మధ్యగా మందమైన గోడలు లేపి, పొగగొట్టాలను చాలావరకు వాటిలోకే పంపారు. అయినా అన్నీ కుదరలేదు. కొన్ని కిటికీల వెనక గది లేదు, పొగగొట్టమే ఉంది. బయట నుంచి చూస్తే తేడా తెలియదు. ముఖం రెండు వైపులా సమానంగా కనిపించాలి, అంతే. దీన్ని కొందరు మోసమంటారు. నాకైతే ఇంటి లోపలి అవసరానికీ బయటి అందానికీ మధ్య మేస్త్రీ చేసిన తెలివైన రాజీలా కనిపిస్తుంది.

ఆ మేస్త్రీ రాబర్ట్ స్మిత్‌సన్. నమూనా ఆయనదేనని పండితులు దాదాపు ఒక్క మాట మీద ఉన్నారు, ఆ గౌరవం ఆయనకు దక్కాలి. కానీ లెక్కల పుస్తకాల్లో సంతకాలు బెస్‌వి. ఆరు బురుజుల పైన ఆకాశంలోకి లేచి ఉన్న రాతి అక్షరాలు, ఈ.ఎస్., ఆమె అసలు పేరువే: ఎలిజబెత్ ష్రూస్‌బరీ. భర్తల పేర్ల మాటునే ఆడవాళ్లు గుర్తుండే కాలంలో ఒక స్త్రీ తన ఇంటి మీద ఇంత పెద్దగా సంతకం పెట్టిందంటే, కట్టడ చరిత్రలో ఆమెను స్మిత్‌సన్ పక్కనే నిలబెట్టాలి.

ఆమె చెయ్యి ఎంత గట్టిదో లాంగ్ గ్యాలరీలో తెలుస్తుంది. దాదాపు 50 మీటర్ల పొడవున్న ఆ గదికి బైబిల్లోని గిడియన్ కథ నేసిన 13 గోడ తెరలను ఆమె, రాణి కొలువులో పెద్ద మంత్రిగా ఉన్న క్రిస్టఫర్ హాటన్ వారసుల దగ్గర కొంది. వాటి మీద హాటన్ వంశ చిహ్నాలున్నాయి, మార్చుకోవాలి కాబట్టి ధరలో 5 పౌండ్లు తగ్గించుకుంది. తర్వాత హాటన్ గారి ఆడ జింకలకు కొమ్ములు పెట్టించి, తన పిల్లల వంశమైన కావెండిష్‌ల మగ జింకలుగా మార్పించింది.

ఆ తెరలను శుభ్రం చేసి బాగుచేయడానికి ఇప్పుడు ఇంటిని చూసుకుంటున్న నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు 24 ఏళ్లు పట్టింది, 2023లో ముగిసింది. బెస్ డబ్బు పోసి తెచ్చుకున్న వెలుతురే ఆమె కొన్న బట్టకు శత్రువు. కాబట్టి ఇప్పుడు కిటికీలకు బ్లైండ్లు దించి ఉంచుతారు. అదే సరైన పని. కాకపోతే, ఈ గది పొద్దున తూర్పు నుంచి వచ్చే ఎండ కోసం కట్టిందని అక్కడికి వచ్చినవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. లేకపోతే మసకలో తిరిగి వెళ్లినవాళ్లకు హార్డ్‌విక్ ఒక చీకటి ఇల్లుగా గుర్తుండిపోతుంది.