నొప్పి లేదని తెల్లవారే దాకా ఆగితే

మన ఇళ్లలో ప్రాణాపాయానికి ఇప్పటికీ కొలమానం నొప్పే. పంటి పోటు వస్తే అర్ధరాత్రి ఇల్లంతా లేస్తుంది. అదే మూతి ఒక పక్కకు వంకరపోయి, మాట ముద్దగా వచ్చి, చెయ్యి పట్టు తప్పితే 'నీరసం, కాసేపు పడుకోనివ్వండి' అంటారు. పక్షవాతం చాలాసార్లు నొప్పి లేకుండానే వస్తుంది మరి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్ తీసి, రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే. అందుకే స్కాన్ లేని ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకుని కూర్చోవడమూ ఆలస్యం కిందే లెక్క. 'చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?' అని డాక్టరు అడిగితే, నిద్రలోంచి లేపి తెచ్చినవారి దగ్గర జవాబుండదు.

గుండెపోటుదీ ఇదే తంతు. మధుమేహం ఉన్నవారిలో ఛాతీ నొప్పికి బదులు ఆయాసం, చెమటలు, వికారమే కనిపించవచ్చు. మనమేమో గ్యాస్ అని సోడా తెప్పిస్తాం.

ఏ నంబరుకు ఫోన్ చేయాలో 2005లో 108 వచ్చినప్పటి నుంచి జనానికి తెలుసు. ఎప్పుడు చేయాలో మాత్రం ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు.

మనసు విషయంలో పరిస్థితి మరీ అన్యాయం. అరిచి వస్తువులు పగలగొట్టేవారిని వెంటనే పట్టించుకుంటాం. అప్పుల లెక్కలు రాసిపెట్టి, ఇష్టమైన వస్తువులు పంచేసి, 'నేను లేకపోతే మీకే హాయి' అన్నవారిని 'ఊరికే అంటున్నాడులే' అని వదిలేస్తాం. పైకి చెప్పేవారు చేయరన్నది అపోహ. చనిపోవాలని ఉందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయమూ అంతే. అడగాలి. ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుల మందు, మాత్రలు అందకుండా తీసేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ నంబరు టెలి మానస్ 14416 ఏ వేళనైనా పలుకుతుంది. అప్పటికే ఏదైనా మింగి ఉంటే 108కి చేయాలి. వాంతి చేయించకుండా, ఆ డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక్కడే చాలామందిని ఆపేది పోలీసు కేసు భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి. కాదని రుజువైతే తప్ప శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్లవచ్చు, నిజమే. కానీ ఆ పోలీసు కాగితాల కోసం వైద్యం ఆపరాదని, ముందు ప్రాణం నిలబెట్టాలని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే తేల్చింది.