పేరు స్టింగ్‌ది, పియానో కర్క్‌లాండ్‌ది: 'బ్రింగ్ ఆన్ ద నైట్' చిత్రంపై వాదోపవాదం

'ద పోలీస్' అనే రాక్ బృందంలో గాయకుడిగా, బేస్ గిటారిస్టుగా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న స్టింగ్, ఆ బృందాన్ని పక్కనబెట్టి నలుగురు యువ జాజ్ విద్వాంసులతో కొత్త బృందం కట్టుకున్న కథను మైకేల్ ఆప్టెడ్ 1985లో 'బ్రింగ్ ఆన్ ద నైట్' పేరుతో డాక్యుమెంటరీగా తీశాడు. పారిస్ దగ్గర కూర్సోన్ అనే పాత కోటలో రిహార్సళ్లు, పారిస్ నగరంలోని మొగడోర్ థియేటర్లో కచేరీ, నడుమ నడుమ సంభాషణలు ఇందులో ఉంటాయి. సాక్సఫోన్ బ్రాన్‌ఫోర్డ్ మార్సాలిస్, కీబోర్డులు కెన్నీ కర్క్‌లాండ్, బేస్ డారిల్ జోన్స్, డ్రమ్స్ ఒమర్ హకీమ్ వాయించారు. జానిస్ పెండార్విస్, డొలెట్ మెక్‌డొనాల్డ్ వెనక గొంతు కలిపారు. స్టింగ్ తెల్లవాడు, మిగిలిన ఆరుగురూ నల్లవారు. ఇది మంచి సంగీత చిత్రమా, లేక మంచి విద్వాంసులను వాడుకున్న వ్యాపార ప్రకటనా అన్నదే ఇక్కడ ఒక అక్కకూ ఆమె తమ్ముడికీ మధ్య వాదం. నేను అక్క పక్షాన ఉన్నానని ముందే చెబుతున్నాను. అయితే తమ్ముడి మాటల్లో నాకు పూర్తిగా జవాబు దొరకనివి ఉన్నాయి, వాటి పదును తగ్గించకుండానే రాశాను.

తమ్ముడు: అక్కా, నువ్వు దీన్ని సంగీత చిత్రమంటావు, నేను ప్రకటన అంటాను. కచేరీలు జరిగింది 1985 మే నెలలో. 'ద డ్రీమ్ ఆఫ్ ద బ్లూ టర్టిల్స్' ఆల్బమ్ దుకాణాలకు వచ్చింది జూన్‌లో. సరుకు బజారుకు చేరకముందే కెమెరాలు సిద్ధంగా ఉన్నాయంటే, ఆ కెమెరాలు ఎవరి పని మీద వచ్చాయో వేరే చెప్పాలా?

అక్క: ఆ తేదీలు నా వాదానికీ పనికొస్తాయి. ఆల్బమ్ రాకముందు కచేరీ చేశాడంటే, ఆ థియేటర్లో కూర్చున్నవారికి కొత్త పాటల్లో చాలావరకు ముందుగా తెలియవన్నమాట. 1983లో న్యూయార్కులోని షే స్టేడియంలో తన బృందంతో పాడిన మనిషి, రెండేళ్లు తిరగకుండానే ఒక థియేటర్లో, జనానికి తెలియని పాటలతో, జనానికి అంతగా తెలియని మనుషులతో నిలబడ్డాడు. పైగా తన చేతి వాద్యమైన బేస్‌ను జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గర వాయించిన డారిల్ జోన్స్‌కు అప్పగించి, తాను గిటారు పట్టుకున్నాడు. రాక్ సంగీతంలో బృందాలు విడిపోయే ఘట్టాన్ని చిత్రించినవారు ఉన్నారు, కీర్తి శిఖరాన ఉన్న ఘట్టాన్ని చిత్రించినవారూ ఉన్నారు. బృందం ఇంకా కుదురుకోని రోజులను, అది కుదురుతుందో లేదో తెలియకుండా చిత్రించడానికి ధైర్యం కావాలి.

తమ్ముడు: ధైర్యమంటే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. ఈ ప్రయోగం విఫలమైతే స్టింగ్ తిరిగి 'పోలీస్' దగ్గరికి వెళ్లేవాడు. పోగొట్టుకున్నవాడు వేరే ఉన్నాడు. ఆ ఏడాది జనవరిలోనే ట్రంపెట్ వాయించే వింటన్ మార్సాలిస్ జాజ్ బృందం 'బ్లాక్ కోడ్స్' ఆల్బమ్ రికార్డు చేసింది. ఆ కాలపు జాజ్‌లో అంత బిగువుగా వాయించిన ఐదుగురు అరుదు. ఆ ఐదుగురిలో ఇద్దరు, వింటన్ సొంత అన్న బ్రాన్‌ఫోర్డ్, పియానో వాయించే కర్క్‌లాండ్, అదే ఏడాది స్టింగ్ వెంట వెళ్లిపోయారు. ఆ బృందం అలా చెదిరిపోయింది. నీ సినిమా పుట్టుకను చూపిస్తుంది కదా, ఆ పుట్టుక కోసం ఆగిపోయినదాన్ని ఎంతసేపు చూపించింది?

అక్క: వాళ్లను ఎవరూ ఎత్తుకుపోలేదు, తమ్ముడూ. తమ పని తాము ఎంచుకోగల వయసు, విద్య ఇద్దరికీ ఉన్నాయి. జాజ్ వాయించేవాడు పాటగాళ్ల పక్కన వాయించడం కొత్త కాదు. 1925లో బెస్సీ స్మిత్ పాడుతుంటే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ లాంటి కార్నెట్ వాయించాడు. సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ పేరు రాకముందు రిథమ్ అండ్ బ్లూస్ బృందాల్లో పనిచేశాడు. దానివల్ల వాళ్ల విద్యకు మచ్చ రాలేదు.

తమ్ముడు: నువ్వు చెప్పినవారందరూ ఒకే సమాజంలోని వాళ్లు, ఒకే కష్టాన్ని పంచుకున్నవాళ్లు. బెస్సీ స్మిత్, ఆర్మ్‌స్ట్రాంగ్ ఇద్దరూ కలిసి పాడిన బ్లూస్ ఇద్దరిదీ. ఇక్కడ అలా కాదు. పాటలు స్టింగ్‌వి, ఒప్పందాలు స్టింగ్‌వి, గోడ మీద పేరు స్టింగ్‌ది. ఈ కచేరీల ఆల్బమ్ 1986లో వచ్చింది, దానికి గ్రామీ కూడా వచ్చింది. ఏ విభాగంలో వచ్చిందో నీకు తెలుసు. ఉత్తమ పాప్ గాయకుడి విభాగంలో! సాక్సఫోన్, పియానో, బేస్, డ్రమ్స్ అంత మోగిన తరవాత బహుమతి గొంతుకు వెళ్లింది.

అక్క: ఆ బహుమతి విషయంలో నీతో వాదించను, అది నాకూ మింగుడుపడదు. కానీ బహుమతి ఇచ్చిన సంఘం తప్పును సినిమా నెత్తిన పెట్టకు. సినిమా ఏం చేసిందో చూడు. స్టింగ్ మేనేజరు మైల్స్ కోప్‌లాండ్ కెమెరా ముందు కూర్చుని, జనం ఎవరి కోసం టిక్కెట్టు కొంటారో, ఈ బృందంలో ఎవరి స్థానం ఏమిటో దాపరికం లేకుండా మాట్లాడతాడు. వేదిక మీద వేసుకునే దుస్తుల గురించి కూడా, అవి సరుకు కట్టే కాగితమైనట్టు తగువు పెట్టుకుంటాడు. నువ్వు అన్నట్టు ఇది ప్రకటనే అయితే, అన్నిటికంటే ముందు కత్తిరించి పారేయవలసిన దృశ్యాలు అవే. ఆప్టెడ్ వాటిని ఉంచాడు. ఎందుకు ఉంచాడో ఆయన జీవితం చెబుతుంది. ఇంగ్లండులో వేర్వేరు వర్గాల నుంచి ఏడేళ్ల పిల్లలను ఎంచుకుని, ప్రతి ఏడేళ్లకూ మళ్లీ వెళ్లి, ఎవరికి ఏం దక్కిందో అడిగే టెలివిజన్ వరస 1964లో మొదలైతే, మొదటి భాగానికి పరిశోధకుడిగా, ఆ తరవాతి భాగాలకు దర్శకుడిగా పనిచేసినవాడు ఆయన. జీవితాంతం ఆ ప్రశ్నను వదలలేదు. అటువంటి మనిషి ఒక సంగీత బృందాన్ని చిత్రించేటప్పుడు డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో చూడకుండా ఉండలేడు.

తమ్ముడు: చూపించినంత మాత్రాన సరిపోతుందా? యజమాని తన పెత్తనాన్ని దాచుకోకుండా చెప్పినంత మాత్రాన అది పెత్తనం కాకుండా పోదు. నాకు ఇంకా కష్టమనిపించేది మరొకటి ఉంది. అదే కచేరీలో స్టింగ్ గని కార్మికుల మీద 'వీ వర్క్ ద బ్లాక్ సీమ్' పాడాడు. బ్రిటన్‌లో ఏడాదిపాటు సాగిన గని కార్మికుల సమ్మె ఓడిపోయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. శ్రమ గురించి అంత బాధతో పాట రాసినవాడు, తన వేదిక మీద శ్రమించేవారి స్థానం గురించి తన మేనేజరు అలా మాట్లాడుతుంటే ఏమన్నాడు?

అక్క: ఆ ప్రశ్న న్యాయమైనది. స్టింగ్ తరఫున నా దగ్గర జవాబు లేదు. కానీ నా వాదం స్టింగ్ మంచివాడని కాదు, సినిమా మంచిదని.

తమ్ముడు: మరి ఆ పురుడు సంగతి ఏమిటి? కచేరీలు జరుగుతున్న రోజుల్లోనే స్టింగ్ సహచరి ట్రూడీ స్టైలర్ బిడ్డను కంటే, ఆ కానుపును కూడా కెమెరాలో పెట్టారు. సంగీతం గురించిన సినిమాలో ఆ దృశ్యానికి పని ఏమిటి? ఆడమనిషి నొప్పులు పడుతుంటే పక్కన కెమెరా పెట్టుకోవడం నాకు మర్యాదగా తోచలేదు.

అక్క: మర్యాద సంగతి ఆమెకు వదిలేయి. ఆమె నటి, కెమెరా అంటే ఏమిటో తెలిసిన మనిషి, ఒప్పుకోకపోతే ఆ దృశ్యం ఉండేది కాదు. మగవాళ్లు చెమటలు పట్టి వాయిస్తే గొప్ప శ్రమ అని చూపించవచ్చు గానీ, ఆడది ప్రసవిస్తే చూపించకూడదనే నియమం ఎవరు పెట్టారు?

తమ్ముడు: చూపించవద్దని నేననలేదు. ఎవరిది చూపించారన్నదే నా ప్రశ్న. స్టింగ్‌కు ఇల్లుంది, భార్యలాంటి మనిషి ఉంది, బిడ్డ ఉంది. ఒమర్ హకీమ్ అప్పటికే వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బృందంలో వాయిస్తున్నవాడు, రాక్ గాయకుడు డేవిడ్ బోవీ 'లెట్స్ డాన్స్' ఆల్బమ్‌కు డ్రమ్స్ వాయించినవాడు. ఆయన ఇంటి ముచ్చట అంత దగ్గరగా చూశామా? ఒకరికి జీవితమంతా దక్కింది, మిగిలినవారికి కొన్ని నిమిషాల మాటలు దక్కాయి.

అక్క: నువ్వు మర్యాదతో మొదలుపెట్టి నిడివి దగ్గరికి వచ్చావు. మర్యాద మాట నేను ఒప్పుకోను, నిడివి మాట ఒప్పుకుంటాను. ఆ నిమిషాలు హకీమ్‌కో జోన్స్‌కో ఇచ్చి ఉంటే సినిమా ఇంకా నిండుగా ఉండేది. పురుడు సంగతి ఇక్కడితో వదిలేసి అసలు విషయానికి, సంగీతానికి వద్దాం. ఇంతసేపూ నువ్వు ఒప్పందాల గురించి మాట్లాడావు గానీ, వాయించినదాని గురించి ఒక్క మాట అనలేదు.

తమ్ముడు: అంటాను. జాజ్ అంటే వాయించేవారి మధ్య నడిచే సంభాషణ. ఇక్కడ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో ముందే నిర్ణయమైపోయింది. విద్వాంసుడికి మధ్యలో కాస్త చోటు వదిలారు, అతను ఆ చోటును అలంకరించి తప్పుకుంటాడు. మన కచేరీలో మృదంగానికి తని ఆవర్తనం ఇచ్చినట్టే. అది కూడా ప్రధాన విద్వాంసుడు ఇచ్చినప్పుడే, ఇచ్చినంతసేపే.

అక్క: తని ఆవర్తనం ఇచ్చినంతసేపే అన్నావు గానీ, మంచి మృదంగ విద్వాంసుడి చేతిలో పడ్డాక ఆ కచేరీ ఎవరిదో ఆ కాసేపు ఎవరూ చెప్పలేరన్నది నీకూ తెలుసు. ఈ చిత్రంలో జరిగింది అదే. 'షాడోస్ ఇన్ ద రెయిన్' సంగతి తీసుకో. 1980లో 'పోలీస్' దాన్ని నెమ్మదిగా, మత్తుగా వాయించింది. ఈ బృందం కొత్త ఆల్బమ్‌లో దాన్ని పరుగెత్తే స్వింగ్‌గా, అంటే ఊగే జాజ్ లయగా మార్చింది. హకీమ్ డ్రమ్స్ మోగుతుండగా ఏ శ్రుతిలో వాయించాలని బ్రాన్‌ఫోర్డ్ అడగడం ఆ రికార్డులోనే వినిపిస్తుంది. ఆ ప్రశ్నను చెరిపేయకుండా ఉంచారంటే, అప్పటికప్పుడు పుట్టేదానికి ఆ బృందంలో చోటుందన్నమాట. ఇక కచేరీలో కలిపి వాయించిన రెండు పాటల జంట దగ్గరికి రా. 'బ్రింగ్ ఆన్ ద నైట్' 1979 నాటి పాట, దానికి జతచేసిన 'వెన్ ద వరల్డ్ ఈజ్ రన్నింగ్ డౌన్' 1980 నాటిది. పాత రికార్డుల్లో ఒక్కొక్కటి సుమారు నాలుగు నిమిషాలు నడుస్తుంది. కచేరీ ఆల్బమ్‌లో రెండూ కలిసి 11 నిమిషాలు దాటాయి. ఆ పెరిగిన నిమిషాలు ఎవరివి? ఎక్కువ భాగం కర్క్‌లాండ్‌వి. రెండో పాటలో మూడే కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, మొదటి నుంచి చివరి దాకా మారకుండా తిరుగుతూ ఉంటాయి. పాప్ పాటలో అది శ్రోతను ఊపడానికి పనికొచ్చే సులువైన ఏర్పాటు. జాజ్ పియానిస్టుకు మాత్రం అది పరీక్ష, ఎందుకంటే కింద ఏదీ మారనప్పుడు మార్పంతా తన వేళ్ల నుంచే రావాలి. కర్క్‌లాండ్ చిన్న పలుకులతో మొదలుపెడతాడు, మధ్యలో ఖాళీలు వదులుతాడు. కొంతసేపటికి కుడిచేయి పొడవైన వరసలు అందుకుంటుంది, ఎడమచేయి ఆ మూడు కార్డ్‌లకూ చెందని స్వరాలను పక్కన పేరుస్తుంది, హకీమ్ దాన్ని విని లయను పైకెత్తుతాడు, జోన్స్ మాత్రం నేలను వదలడు. స్టింగ్ ఏం చేస్తున్నాడు? గిటారు మీద ఆ మూడు కార్డ్‌లనే పట్టుకుని ఉన్నాడు. నువ్వు సంభాషణ అన్నావే, అది ఇదే. అక్కడ జీతమిచ్చేవాడు పక్కవాద్యమయ్యాడు, జీతం తీసుకునేవాడు కచేరీ నడిపాడు. ఆ మార్పు ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు. రిహార్సళ్ల దగ్గర నుంచి చూస్తూ వచ్చినవారికే అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది, అందుకే ఈ సినిమా కావాలంటాను.

తమ్ముడు: ఆ పియానో విషయంలో నీతో తగువు లేదు. ఎన్నిసార్లు విన్నా తగువు పెట్టుకోలేను. కానీ ఆ వేళ్లకు తరవాత ఏం జరిగిందో కూడా చెప్పు. 1998లో, 43 ఏళ్లకే కర్క్‌లాండ్ చనిపోయాడు. బతికి ఉండగా ఆయన పేరు మీద వచ్చిన ఆల్బమ్ ఒక్కటే, అదీ 1991లో. అంత విద్య ఉన్నవాడు తన పాటలు తాను వాయించుకోవలసిన ఏళ్లను ఇతరుల పాటలకు ఇచ్చేశాడు. నువ్వు పొగిడే ఆ నిమిషాల ఖరీదు అది.

అక్క: ఆ ఒక్క ఆల్బమ్ లెక్క నన్నూ బాధపెడుతుంది. అయితే ఆ ఏళ్లన్నీ స్టింగ్ తీసుకోలేదు. 1987లో స్టింగ్ తరవాతి ఆల్బమ్‌కు వాయించినా, కర్క్‌లాండ్ చివరిదాకా ఎక్కువగా నిలిచింది బ్రాన్‌ఫోర్డ్ బృందంతో. వింటన్ బృందంలోని డ్రమ్స్ విద్వాంసుడు జెఫ్ వాట్స్ కూడా అక్కడికే చేరాడు. చెదిరిపోయిందన్న బృందంలో ముగ్గురు మళ్లీ ఒకచోట జాజ్ వాయించారు, ఆ జాజ్ మెత్తబడలేదు.

తమ్ముడు: మెత్తబడలేదు, నిజమే. అయినా అది బ్రాన్‌ఫోర్డ్ పేరు మీదే నడిచింది గాని కర్క్‌లాండ్ పేరు మీద కాదు. పియానో వరకు నీ మాట ఒప్పుకుంటాను, ఒప్పందాల వరకు ఒప్పుకోను.

అక్క: ఒప్పందాలను ఒప్పుకోమని నేనూ అనడం లేదు. వాటిని మనిద్దరం ఇంత వివరంగా తప్పుపట్టగలుగుతున్నాం అంటే, ఆ మేనేజరును కత్తిరించకుండా ఉంచినవాడి పుణ్యమే.