ఏకరాత్రిగ్రాహి

పూర్వం ఏకసంథాగ్రాహులుండేవారు. ఒక్కసారి వింటే చాలు, పద్యం మొత్తం అప్పజెప్పేసేవారు. ఆ జాతి అంతరించిపోయిందని బాధపడే పెద్దలు సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి ఏ ఇంజినీరింగ్ హాస్టల్‌కైనా దయచేయాలి. ఐదు యూనిట్లు, ఒక్క రాత్రి, నాలుగు టీలు. వీళ్లు ఏకరాత్రిగ్రాహులు.

ఈ విద్యంటే గిట్టనివాళ్లు సైన్సును అడ్డం పెట్టుకుంటారు. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు జ్ఞాపకశక్తి మీద ఓ పుస్తకం వేశాడు. అర్థం లేని అక్షరాల్ని తనే బట్టీ పట్టి, ఎంతసేపట్లో ఎంత పోతోందో లెక్కగట్టాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా గల్లంతు. మర్నాటికి మిగిలింది దాదాపు మూడో వంతు. కాబట్టి రోజులు ఎడం ఇచ్చి కొద్దికొద్దిగా చదవండర్రా అని నీతి చెప్తారు. నాకు మాత్రం ఇందులో మనవాడు కనిపించాడు. అర్థం కానిదాన్ని బట్టీ కొట్టి మర్నాటికి మర్చిపోయాడంటే, ఆయన బీటెక్ మొదటి బ్యాచ్!

అయినా మూడో వంతు తక్కువేం కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నాటి ఆర్18 నిబంధనల్లో ఎక్స్‌టర్నల్‌కి, అంటే సెమిస్టర్ చివరి రాతపరీక్షకి, 75 మార్కులుండేవి; అందులో గట్టెక్కడానికి కనీసం 26 రావాలి. 75లో మూడో వంతు 25. మార్జిన్ నీటుగా గీస్తే ఆ ఒక్క మార్కూ దిద్దేవాళ్లు వేయకపోరు.

రెండో సాక్ష్యం 2006 నాటిది. రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ సైకాలజిస్టులు విద్యార్థులతో ఒక పాఠం రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠం ఒకసారి చదివించి, కాగితం మూయించి, గుర్తున్నది రాయించారు. వారం తర్వాత చూస్తే మూసి రాసిన పాఠం 56 శాతం గుర్తుంది, రెండుసార్లు చదివింది 42. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెట్టినప్పుడు రెండుసార్లు చదివిన పాఠమే 81తో గెలిచిందని, మూసి రాసింది 75 దగ్గర ఆగిందని చెప్పరు. హాలు గేటు ముందు జిరాక్స్ కాగితాల్లో తల దూర్చిన కుర్రాడికి కావలసింది ఆ ఐదు నిమిషాలే. దాన్ని దింపుడు కళ్లం ఆశ అని వెక్కిరించకండి, ప్రయోగంలో తేలిన పద్ధతి అది. వారం తర్వాత ఈ సబ్జెక్టుతో పనేముంది? (ఉద్యోగానికి కావాలంటారా? దానికి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లున్నాయి.)

ఇక గురువు. మాకు కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపాయన ఉండేవాడు. ఏం చదివాడో ఎవరికీ తెలీదు. "అన్నా, ఇంపార్టెంట్స్" అంటే తలెత్తకుండానే నాలుగు కాగితాలు చేతిలో పెట్టేవాడు.

"మూడో యూనిట్ లేదేంటన్నా?" అని ఓసారి అడిగాను.

"పోయినసారే వచ్చింది కదా తమ్ముడూ, ఈసారి రాదు."

ఇంత ధీమా మా ప్రొఫెసర్లలో నేనెన్నడూ చూడలేదు.

మూడో యూనిట్ వచ్చింది. పది మార్కుల ప్రశ్న. రెండో యూనిట్ జవాబుకే హెడ్డింగ్ మార్చి, అండర్‌లైన్లతో సహా మూడు పేజీలు నింపాను. ఫలితాలొచ్చాక సప్లీ ఫీజు కట్టాలంటే మార్కుల మెమో కాపీ కావాలన్నారు. దానికీ ఆ షాపుకే వెళ్లాను. ఆయన మెమో వంక చూసి, సొరుగులోంచి అవే నాలుగు కాగితాలు తీశాడు.

"ఈసారి మూడో యూనిట్ అస్సలు ముట్టుకోకు తమ్ముడూ. మొన్నే వచ్చింది కదా."