ఫ్లెక్సీలో ముఖం, శోకంలో జీవితం

మా ఊళ్ళో బస్సు మలుపు తిరిగే చోట రెండు వెదురు బొంగులు పాతి ఉంటాయి. వాటికి కట్టిన ఫ్లెక్సీ మారుతుంటుంది గాని బొంగులు మాత్రం ఖాళీగా ఉండవు. పెళ్ళిళ్ళవీ, నాయకుల పుట్టినరోజులవీ పక్కన పెడితే తక్కినవన్నీ పోయిన పెద్దలవే. పైన 'అశ్రునివాళి', నడుమ ఆధార్ కోసం దిగిన ఫొటోను సాగదీసి పెద్దది చేసిన ముఖం, దానికి కంప్యూటర్లో తొడిగిన గులాబీ దండ, పుట్టిన తేదీ, పోయిన తేదీ, పెద్దకర్మ జరిగే రోజు, కింద 'శోకతప్త హృదయాలతో' అంటూ కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళ పేర్లు. పోయిన మనిషి ఏం చేసి బతికాడో చెప్పే మాట ఒక్కటీ కనబడదు. పేరుకు ముందు 'కీ.శే.' అని మాత్రం తప్పకుండా ఉంటుంది. కీర్తి మాత్రమే మిగిలినవారని ఆ మాటకు అర్థం. ఆ కీర్తి ఏమిటో రాయించడానికి మాత్రం చదరపు అడుగుల లెక్కన కొన్న ఆ గుడ్డ మీద చోటు చాలదు.

ఫ్లెక్సీని తిట్టడం నా ఉద్దేశం కాదు. పొద్దున బస్సెక్కి పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళకూ, హైదరాబాదులో స్థిరపడి చావులకే ఊరికి వచ్చేవాళ్ళకూ ఎవరు పోయారో చెప్పే పని అది బాగానే చేస్తోంది. పెద్దలను తలచుకోవడం మన పల్లెల్లో తగ్గిందని కూడా నేను అనను. ఖర్చు చూస్తే పెరిగిందనే అనాలి. తగ్గిందల్లా ఆ తలపులో ఉండే వివరం. ఒకప్పుడు మనిషి పోతే ఊరు ఆ మనిషి బతుకును చెప్పుకునేది. ఇప్పుడు ముఖాన్ని చూపిస్తోంది. ఈ మార్పు ఎలా వచ్చిందో ఆలోచిస్తే, మనం పోగొట్టుకున్నది పాత ఆచారాన్ని కాదనీ, చెప్పే మనుషులననీ తెలుస్తుంది.

ఆ పుట్టిన తేదీనే చూడండి. డెబ్బై దాటిన పల్లె మనుషుల్లో చాలామంది కాగితాల ప్రకారం జనవరి 1న పుట్టినవారే. కార్డు రాసుకునే కుర్రవాడు వయసెంత అని అడిగితే అవ్వ ఏదో అంకె చెప్పింది, అతను ఏడాది లెక్కగట్టి ముందు జనవరి 1 తగిలించాడు. ఆమెకు తన వయసు తెలియక కాదు, ఆమె లెక్క వేరు. పోలీసు యాక్షన్ జరిగిననాటికి తాను అమ్మ చంకలో ఉన్నానని చెబుతుంది. అది 1948 సెప్టెంబరు, భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిననాటి మాట. దివిసీమలో అయితే 1977 నవంబరు ఉప్పెనకు ముందూ తరువాతా అని లెక్కిస్తారు, గోదావరి లంకల్లో 1986 వరద ఒక గుర్తు. ఆ లెక్కలో మనిషి వయసూ ఊరి చరిత్రా ఒకే దారానికి గుచ్చి ఉంటాయి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావును 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. చేతికి వచ్చే ధ్రువపత్రం బ్యాంకుకూ, భూమి పట్టా మార్పిడికీ పనికొస్తుంది. అంతకు మించి దాన్ని ఏమీ అడగలేం.

జీవితాన్ని నమోదు చేసే పని మన ఊళ్ళలో మరొకరు చేసేవారు. చదువు రాని ఆడవాళ్ళు, శవం పక్కన కూర్చుని, రాగం తీసి. శోకాలు పెట్టి ఏడవడం అంటే పట్నంవాసులకు నాటకంలా అనిపించవచ్చు, నాకూ కాలేజీ రోజుల్లో అలాగే అనిపించి సిగ్గుపడేవాణ్ణి. మా నాయినమ్మ పోయిన రోజు ఆమె తోడికోడలు తల దగ్గర కూర్చుని పెట్టిన శోకం విన్నాక ఆ సిగ్గు పోయింది. "కరువుల గటుక కాసి పదిమందికి పోస్తివి, నీ వంతుకు గిన్నె గీకి తాగితివి అక్కా. బాయి తవ్వంగ మెడల పుస్తెలతాడు అమ్మితివి, ఆ బాయి నీళ్ళు నోరార తాగకపోతివి అక్కా." నాయినమ్మ మెడలో పసుపు కొమ్ము ఎందుకు ఉండేదో మా నాన్న కూడా నాకు ఎన్నడూ చెప్పలేదు. ఆ బావి కింద పండిన పంటతోనే నా చదువు సాగిందని నాకు తెలుసు. ఆ బావి దేనితో తవ్వారో ఆ శోకంలోనే తెలిసింది.

ఆ శోకం అక్కడితో ఆగలేదు. "నన్ను కాపురానికొచ్చిన ఏడే వేరు పెట్టిస్తివి, పొయ్యి రాళ్ళు కూడా పంచిస్తివి, మళ్ళ నా కాన్పుకు నువ్వే పెద్దదిక్కు అయితివి" అని కూడా అన్నది. వినే బంధువులెవరూ తప్పుపట్టలేదు. పోయినవారి గురించి చెడు మాట్లాడకూడదని మనం ఎంత గట్టిగా నమ్మినా, శోకానికి మాత్రం ఆ కట్టడి లేదు. అందులో అప్పులుంటాయి, దాయాదుల తగాదాలుంటాయి, తాగుబోతు మొగుడు ఉంటాడు, చిన్నప్పుడే పోయిన బిడ్డల పేర్లుంటాయి. ఫ్లెక్సీ మీదా సంతాప సభలోనూ అందరూ అజాతశత్రువులే, అందరూ మృదుస్వభావులే. ఊళ్ళో ఇంతమంది అజాతశత్రువులుంటే పంచాయితీలు ఎవరి మధ్య జరిగాయో మరి. గుణాలు పొగిడినప్పుడు మనుషులంతా ఒకేలా కనబడతారు, పనులూ తగువులూ చెప్పినప్పుడే ఎవరికి వారు కనబడతారు.

ఇప్పుడు శవం పక్కన ఫ్రీజర్ బాక్సు మోత ఉంటుంది. విదేశంలోని మనవడి కోసం ఎవరో ఒకరు ఫోను ఎత్తి పట్టుకుని వీడియో కాల్ చూపిస్తుంటారు. ఆ ఫోను ముందు రాగం తీయడానికి నడివయసు ఆడవాళ్ళు మొహమాటపడుతున్నారు. శోకం పెట్టడం తెలిసిన ముసలివాళ్ళు కూడా ఒక్కొక్కరే పోతున్నారు. రేపు వాళ్ళ కోసం శోకం పెట్టేది ఎవరు?

అలా పోయిన, బతుకులను చెప్పే మనుషుల్లో ఇంటి ఆడవాళ్ళు ఒక వర్గం మాత్రమే. కులాలను ఆశ్రయించి, వాటి వంశాలనూ పుట్టుకనూ కథగా చెప్పి బతికిన వారి వ్యవస్థ ఒకటి తెలుగు నేల మీద చాలా విస్తృతంగా ఉండేది. ఈనాడు వంశరాజ్ అని పిలుచుకుంటున్న పిచ్చుకుంట్లవారు రైతు కులాల ఇంటిపేర్లూ గోత్రాలూ చెప్పేవారు. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు ఉండేవారు. వీరిలో కొందరు చేర్యాల నకాషీల చేత గీయించుకున్న పటాన్ని గోడకు వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మ మీద పుల్ల పెట్టి కథ నడిపించేవారు. కోయల పడిగెలూ అలాంటివే. గుడ్డ మీద ఆ వంశపు మూలపురుషుల బొమ్మలు ఉంటాయి, వాటి అర్థం విప్పి పాడేవారు డోలీలు. పడిగె అయినా పటం అయినా మాట లేకపోతే వట్టి గుడ్డ, దాన్ని విప్పేటప్పుడు చెప్పేవాడు పక్కనే ఉండాలి.

ఫ్లెక్సీ కూడా గుడ్డ మీద వేసిన పెద్దవాళ్ళ బొమ్మే కదా అని నాకు తరచూ అనిపిస్తుంది. తేడా అల్లా, దానికి చెప్పేవాడు అక్కరలేదు. కట్టి వెళ్ళిపోతే చాలు.

మణుగూరు ప్రాంతపు కూనవరానికి చెందిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య కోయ వంశాల కథలనూ సమ్మక్క సారలమ్మల కథనూ నోటికి చెప్పగలిగిన కొద్దిమందిలో ఒకరు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజు కూడా పోయారు. ఇద్దరి మరణాలకూ పత్రికలు తగిన చోటే ఇచ్చాయి. పద్మశ్రీ దాకా రాని కథకుల సంగతి వేరు. వారు పోయినప్పుడు ఎవరి పూర్వీకుల కథలు వారితో పోయాయో లెక్క చెప్పేవారు ఎవరూ లేరు.

ఈ పాత వ్యవస్థను మరీ నెత్తికెత్తుకోవడం కూడా సరికాదు. కథ దానం మీద నడిచింది, దానం పంట మీద నడిచింది; కాబట్టి భూమి ఉన్నవాడి తాతలకు పొగడ్త ఎక్కువ దక్కింది. ఆడవాళ్ళ పేర్లు ఆ వంశావళుల్లో తల్లులుగా, సతులుగా మాత్రమే నిలిచాయి. సమాధి విషయమూ అంతే. సొంత చెలక ఉన్నవాడు తండ్రిని గట్టు పక్కన పెట్టుకుని, గద్దె కట్టించి, ఏటా సున్నం వేయించుకున్నాడు. గుంట భూమి లేని కూలి మనిషిని వాగొడ్డున పూడిస్తే రెండు వానలకు ఆ గుర్తే పోయింది. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణ ఊళ్ళలో వైకుంఠధామాల పేరుతో శ్మశానవాటికలు కట్టారు, అది మంచి పనే. ఇంకోవైపు అమ్ముకున్న చేలల్లో పాత సమాధులు ఇప్పుడు ప్లాట్ల రాళ్ళ మధ్య నిలబడి ఉన్నాయి, కొన్నవాడికి అవి ఎవరివో తెలియదు. చేలతో పాటు వాటి పేర్లూ పోతున్నాయి. ముసలమ్మ మడి, సాలోళ్ళ బావి, ఎల్లయ్య తుమ్మ అని జనం పిలుచుకున్న చోట్లన్నీ ఒకప్పుడు ఎవరో ఒక మనిషి చెమట కథలు. పాసుపుస్తకంలో ఉన్నది సర్వే నంబరు.

మా ఊరి చెరువుకు నీరటి, అంటే పొలాలకు వంతుల వారీగా నీళ్ళు వదిలే మనిషి, ఒకాయన ఉండేవాడు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా చెరువులో పూడిక తీస్తుంటే, మట్టి కింద ఎక్కడో కప్పుకుపోయిన పాత తూమును యంత్రం నడిపేవాళ్ళు పట్టుకోలేకపోయారు. ఆయన కట్ట మీద మర్రిచెట్టు నుంచి అడుగులు లెక్కపెడుతూ దిగి, చేతికర్ర గుచ్చి ఇక్కడ తవ్వమన్నాడు. మూడడుగుల లోతున రాయి తగిలింది. ఆయన తాత ఆ తూము మీద కూర్చుని రాత్రుళ్ళు నీళ్ళు వదిలేవాడట. ఆయన పోయినప్పుడు కట్టిన ఫ్లెక్సీ మీద 'స్నేహశీలి' అని రాశారు. స్నేహశీలే, కాదనను. కానీ ఏ మడికి ఎన్ని గడియల నీళ్ళు పారాలో, ఎవరి వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయనకు నోటికి వచ్చేదన్న సంగతి ఆ గుడ్డ మీద లేదు. ఆయన కొడుకులకు కూడా అది రాదు.

పని గుర్తుంటే మనిషి ఎంతకాలం నిలుస్తాడో చూడాలంటే గోదావరి డెల్టాకు పోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహాలు డెల్టా ఊళ్ళలో నేటికీ వెలుస్తున్నాయి, పుష్కరాల్లో తమ తాతముత్తాతలతో పాటు కాటన్ దొరకు కూడా పిండం పెట్టిన రైతులున్నారు. ఆయన మృదుస్వభావో కాదో అక్కడెవరూ అడగరు, కాలువలో నీళ్ళు వస్తున్నాయి. ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయి మరో రకం ఉదాహరణ. గోండుల మధ్య ఉండి వారి భూముల కోసం, బడుల కోసం పాటుపడిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987 జనవరి 11న చనిపోతే ఆమెను ఆ ఊళ్ళోనే సమాధి చేశారు. ఏటా ఆ రోజున గోండులు అక్కడ చేరి దంపతులిద్దరికీ నివాళి అర్పిస్తారు. పరాయి దేశపు మనుషులను తమ పెద్దల్లో కలుపుకోవడానికి ఆ ఊరికి రక్తసంబంధం అక్కరలేకపోయింది.

జిల్లా పేజీలు తిరగేస్తే మరో విచిత్రం కనిపిస్తుంది. పల్లెలో ఒక వృద్ధురాలు చనిపోయిన వార్తలో ఆమె గురించి ఒక వాక్యం, పరామర్శకు వచ్చిన నాయకుల పేర్లతో నాలుగు వాక్యాలు ఉంటాయి. విలేకరిని తప్పుపట్టలేం; ఆమె గురించి అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అతను అడగలేదు. కుటుంబం జ్ఞాపకార్థం ఇచ్చిన వస్తువుల మీదా ఇదే వరస. బడి గోడ మీద, బస్టాండు చప్టా మీద, చివరికి గుడిలో తిరిగే ఫ్యాను రెక్కల మీద కూడా తండ్రి పేరూ ఇచ్చిన కొడుకు పేరూ ఉంటాయి. రెక్క తిరుగుతున్నంతసేపూ ఏదీ చదవలేం అనుకోండి.

ఇక్కడ చేయదగిన పని పెద్దదేమీ కాదు. పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు మైకు ఎలాగూ పెడుతున్నారు. అది నాయకుడి చేతికి పోకముందు, పోయిన మనిషితో కలిసి నాట్లు వేసినవాళ్ళకో, బండి తోలినవాళ్ళకో పది నిమిషాలు ఇస్తే చాలు, జనం ఏడుస్తారు, నవ్వుతారు కూడా. ఫోను ప్రతి ఇంట్లో ఉంది. బతికి ఉండగానే అవ్వ ముందు పెట్టి అడగాల్సింది 'నీ జీవితం గురించి చెప్పు' అని కాదు, అలా అడిగితే 'ఏముంది బిడ్డా, కష్టం' అని ఊరుకుంటుంది. నీ పెళ్ళికి ఎన్ని బండ్లు వచ్చాయి, మొదటి కూలి ఎంత, కరువులో ఏం తిన్నారు, ఆ బావి ఎవరు తవ్వారు అని అడగాలి. అడిగితే ఆపడం కష్టం.

పెత్రమాస ఒక్కటి ఈ విషయంలో ఇంకా పాతదారిలోనే ఉంది. భాద్రపద అమావాస్య నాడు తెలంగాణలో పెద్దలకు పెట్టుకునేటప్పుడు ఎవరికి ఏది ఇష్టమో ఇంట్లో గుర్తు చేసుకోవాల్సిందే. ఒక తాతకు కల్లు సీసా, ఒక తాతకు చుట్ట, మా నాయినమ్మకు కాస్త మాడిన సర్వపిండి. మాడింది ఎందుకని మా పిల్లలు అడిగారు. అందరికీ వడ్డించాక గిన్నెకు అంటుకుని మిగిలినదే ఆమె తినేదనీ, తినగా తినగా అదే ఇష్టమైందనీ మా అమ్మ చెప్పింది.

నాయినమ్మ ఫ్లెక్సీ బస్సు మలుపు దగ్గర నెల రోజులుంది. తరువాత దాన్ని మా చిన్నాన్న మడతపెట్టి తెచ్చాడు. నిరుడు కల్లంలో వడ్లు ఆరబోసినప్పుడు మబ్బు పట్టింది, కుప్ప మీద కప్పడానికి టార్పాలిన్ చాలలేదు. ఆయన ఆ ఫ్లెక్సీ తెచ్చి, ముఖం లోపలికి వచ్చేలా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. నాకు మనసు చివుక్కుమంది. మా అమ్మ మాత్రం చూసి, "ఉన్నన్నాళ్ళు గింజ తడవనియ్యలేదు, ఇప్పుడు తడవనిస్తదా" అని తన పనిలోకి పోయింది.