ప్రోగ్రామింగ్ భాషల సిద్ధాంతాన్ని సిలబస్‌లోంచి తక్షణం పీకేయాలి

యూనివర్సిటీల్లో ప్రోగ్రామింగ్ భాషల సిద్ధాంతం పేరుతో సాగుతున్న వ్యవహారాన్ని ఇక ఉపేక్షించడానికి వీల్లేదు. ఉద్యోగానికి పనికొచ్చే ఫ్రేమ్‌వర్క్ (సాఫ్ట్‌వేర్ కట్టుకోవడానికి ముందే సిద్ధం చేసిన కోడ్ చట్రం) ఒక్కటీ నేర్పకుండా, సెమిస్టరంతా గ్రీకు అక్షరాలతో గడిపేస్తున్నారు.

నమ్మకపోతే బోర్డు చూడండి. మధ్యలో ఒక అడ్డగీత. పైన షరతులు, కింద తీర్పు. ఓ గామా, దాని పక్కన పడుకోబెట్టిన టీ అక్షరం. "షరతు నిజమైతే 5, కాకపోతే 'ఐదు' అనే మాట" అని రాసుకున్న ఓ అమాయకపు ప్రోగ్రామును ఆ గీత కింద నిలబెట్టి విచారిస్తారు. షరతు ఎప్పుడూ నిజమే, ఆ 'ఐదు' జన్మలో బయటికి రాదు. అయినా సరే, ఒకవైపు అంకె, ఇంకోవైపు అక్షరాలు, టైపు, అంటే విలువ ఏ రకానిదన్న లెక్క, కుదరలేదు పొమ్మంటారు. అదేమిటని నిలదీస్తే, ఏ ప్రోగ్రాము ఆగుతుందో ఏది ఆగదో అన్నిటికీ ముందే చెప్పేసే పద్ధతి ఉండదని 1936లోనే గణితవేత్త ట్యూరింగ్ నిరూపించాడు, షరతు ఎటు తిరుగుతుందో కూడా నడపకుండా అన్నిసార్లూ చెప్పలేం, అందుకని కొన్ని మంచి ప్రోగ్రాములు కూడా బలికాక తప్పదని సెలవిస్తారు. డెడ్‌లైన్ ఎప్పుడని మేనేజర్ అడిగినప్పుడు ఈ సమాధానం మనకెవరికీ తట్టలేదు, అది వేరే సంగతి.

ఇక గణితవేత్త అలాంజో చర్చ్ గారి లాంబ్డా కాలిక్యులస్ అనే లెక్కల పద్ధతి. అందులో అన్నీ ఫంక్షన్లే (ఒకటి ఇస్తే ఇంకొకటి తిరిగిచ్చేవి), అంకెలు కూడా. రెండు అంటే ఇచ్చిన పనిని రెండుసార్లు చేసేది, మూడు అంటే మూడుసార్లు. కూడికకు ఇబ్బంది లేదు. ఒకటి తీసెయ్యమంటే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది. ఆ కిటుకు ఆయన శిష్యుడు క్లీనీకి పళ్ల డాక్టరు దగ్గర తట్టిందట. ఏ క్యాలిక్యులేటరూ మత్తుమందు అడగని లెక్క ఇది!

పరిశ్రమకు దీనివల్ల ఒరిగిందేమీ లేదు. 2014లో జావా భాషలోకి లాంబ్డాలు (పేరు పెట్టకుండా రాసే చిన్న ఫంక్షన్లు) వచ్చినప్పుడు సరికొత్త ఫీచరని మనమంతా ట్రైనింగ్ తీసుకున్నాం, సర్టిఫికెట్లు ప్రొఫైల్లో తగిలించుకున్నాం. 1930ల నాటి ఆ చర్చ్ పేరు ట్రైనింగ్‌లో ఎవరూ ఎత్తలేదు కాబట్టి సంబంధం ఉండి ఉండదు. వాడేసిన మెమరీని దానంతటదే ఖాళీ చేసే గార్బేజ్ కలెక్షన్ కూడా అంతే. 1960కి ముందే లిస్ప్ అనే భాష కోసం దాని సృష్టికర్త మెకార్తీ కనిపెట్టాడంటారు గానీ, మనకు తెలిసింది జావా వచ్చాకే కదా.

పైగా ఈ చదువు మనిషిని పాడుచేస్తుంది. 1965లో నల్ రిఫరెన్స్‌ను (దేన్నీ చూపించని ఖాళీ సూచికను) ప్రవేశపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో నలుగురి ముందూ ఒప్పేసుకున్నాడు. సిద్ధాంతం ముదిరితే ఇలాంటి అలవాట్లే వస్తాయి. అదే నల్ వల్ల అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మనం రీస్టార్ట్ కొట్టి పడుకుంటున్నామా లేదా? ఎవరైనా ఎవరికైనా క్షమాపణ చెప్పారా?

అసలు భాష తయారుచేయడానికి ఇంత చదువెందుకు? జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో లాగించేశాడు. అందులో ఖాళీ అరేకి (విలువల జాబితాకి) ఖాళీ అరే కలిపితే జాబితా కాదు, ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల వరుస) వస్తుంది. ఏళ్ల తరబడి సెమాంటిక్స్ (ప్రోగ్రాముకు అర్థమేమిటో తేల్చే చదువు) చదివిన మహామహులెవరైనా ఈ ఫలితం సాధించగలరా?

కాబట్టి కోర్సు రద్దు చేసి, ఆ గంటల్లో ఈ ఏడాది వచ్చిన ఫ్రేమ్‌వర్క్ నేర్పాలి. సెమిస్టరు చివరికి అది పాతబడిపోతుంది గనక పరీక్ష పెట్టే ఖర్చు కూడా మిగులుతుంది.