డీ2 గారూ, కాస్త సీట్లో ఉండండి

మెదడు హెడ్డాఫీసు, స్ట్రయేటం సెక్షన్‌లో పాతుకుపోయి, డోపమైన్ అనే రసాయనం తెచ్చే కబుర్లు అందుకునే డీ2 డోపమైన్ రిసెప్టార్ గారికి,

నమస్కారం. డీ1 నుంచి డీ5 దాకా మీరు అయిదుగురు అన్నదమ్ములు. అయినా మందుల కంపెనీలు డెబ్బై ఏళ్లుగా మీ కిటికీ దగ్గరే క్యూ కట్టాయి. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు క్లోర్‌ప్రోమజైన్ ఇస్తే మతిభ్రమించిన రోగులు నెమ్మదించారు. ఆ మందు చేసిన ఘనకార్యం డోపమైన్‌కి మీ కిటికీ మూసి మిమ్మల్ని సెలవు మీద పంపడమేనని తేలడానికి ఇరవై ఏళ్లు దాటింది.

సరే, పంపారు. కానీ ఒక్క సీట్లో కూర్చుని ఇన్ని ఫైళ్లేమిటండీ? భ్రమలు మీవే, నడక మీదే, వాంతులు మీవే. ఆఖరికి బాలింత కాని మనిషికి పాలు పడకుండా చూసే బాధ్యతా మీదే! మీ సిబ్బందిలో నూటికి 65 మంది సెలవు పెడితే చెవుల్లో మాటలు తగ్గుతాయట. 80 దాటితే మనిషి కొయ్యబారిపోతాడట. ఆ ఇరుకు సందులోనే సైకియాట్రిస్టు బండి నడపాలి.

మా నాన్నకి పార్కిన్సన్స్, అంటే మెదడులో డోపమైన్ తగ్గి కాళ్లూ చేతులూ మొరాయించే జబ్బు. మిమ్మల్ని పనిలో ఉంచడానికి నెలనెలా మందుల షాపుకి కప్పం కడుతున్నాం. ఓసారి వాంతులవుతుంటే ఎవరో మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశారు. వాంతులు ఆగాయి, నాన్న కాళ్లూ ఆగాయి. ఆ మందు కూడా మీకు సెలవిచ్చే బాపతేనని రెండు రోజుల తర్వాత తెలిసింది. పోనీ మిమ్మల్ని గట్టిగా పని చేయిద్దామని ప్రామిపెక్సోల్ వేస్తే, కొందరు పేకాటకి కూర్చుంటారట. అందులో మీ తమ్ముడు డీ3 చెయ్యి ఉందని అనుమానం.

అన్నట్టు, మన దూలగొండి గింజల్లో, మెదడులో డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసులో తేల్చారు. కాయ నూగు ఒంటికి తగిలితే దురద, గింజ సారం లోపలికెళితే మీ ఆఫీసుకి కాఫీ!

ఇక అసలు కబురు. 2024 సెప్టెంబరులో అమెరికాలో స్కిజోఫ్రీనియాకి, అంటే ఆ భ్రమలూ చెవుల్లో మాటలూ ఉండే జబ్బుకి, కొత్త మందుకి అనుమతి వచ్చింది. పేరు కోబెన్ఫీ. అది మీ కిటికీ వైపు చూడనైనా చూడదు, మస్కరినిక్ అనే వేరే జాతి రిసెప్టార్ల వీధిలోంచి చుట్టూ తిరిగి పోతుంది. బైపాస్ రోడ్డు పడ్డాక ఊళ్లో హోటలు ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

ఉంటాను. నాన్నకి రెండు గంటల మాత్ర వేళయింది. ఆయన బాత్రూమ్ దాకా వెళ్లొచ్చేవరకైనా సీట్లో ఉండండి.

ఇట్లు,
మీ క్యూలో నిలబడ్డ ఒక కొడుకు